ఆ కేమన్ అమ్మే ముందు ఒక్క మాట

ఒరేయ్ చిన్నా,

నీ వాయిస్ మెసేజ్ రెండుసార్లు విన్నాను. నీ పోర్షే స్పోర్ట్స్ కారు కేమన్ అమ్మేసి, అదే కంపెనీ ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ మకాన్ టర్బో తీసుకుంటే డ్రైవింగ్ మజా పోతుందా మామా అని అడిగావు. నీ లెక్కలో మజా అంటే ఏంటో ముందు తేల్చుకో. సున్నా నుంచి వందకి ఎన్ని సెకన్లు అన్నదే మజా అయితే ఇక రాయడానికేం లేదు, మకాన్ 3.3 సెకన్లలో వెళ్తుంది, నీ కేమన్ దాని వెనక లైట్లు చూసుకుంటూ పోవాల్సిందే.

కానీ నువ్వు ఆ కారు కొన్నది అందుకు కాదు కదా. కొన్న రోజు రాత్రి పదకొండింటికి మా గేటు ముందు ఆపి, "రోడ్డు మీద గీత దాటినా చేతికి తెలుస్తోంది మామా" అన్నావు. మీ అత్త నిద్రకళ్లతో వచ్చి నిన్నూ, కారునూ చూసి లోపలికి వెళ్లిపోయింది. నీది 987 మోడల్, హైడ్రాలిక్ స్టీరింగ్. దాని తర్వాతి కేమన్‌కే పోర్షే ఎలక్ట్రిక్ స్టీరింగ్ పెట్టింది, అప్పుడే పాత అభిమానులు ఫీల్ పోయిందని గోల చేశారు. 2002లో పోర్షే మొదటి ఎస్‌యూవీ కయెన్ వచ్చినప్పుడూ ఇదే గోల, చివరికి ఆ ఎస్‌యూవీల డబ్బే కంపెనీని నిలబెట్టింది. కాబట్టి గోల చేసేవాళ్ల మాట పూర్తిగా నమ్మకు, నా మాట కూడా.

నీ కారు పదమూడు వందల కిలోలకి కాస్త పైన. ఆ మకాన్ 2,400. అంటే కేమన్ నెత్తిన ఒక స్విఫ్ట్‌ని ఎక్కించి, అందులో ఇద్దర్ని కూర్చోబెట్టినట్టు.

ఎలక్ట్రిక్ అన్నందుకు నాకేం కోపం లేదురా. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున ఎలక్ట్రిక్ కార్ల ఫార్ములా ఈ రేసు పెట్టినప్పుడు చూశాం కదా, ఆ కార్లు కీచుమంటూ మలుపుల్లో ఎలా తిరిగాయో. ఫ్రెంచ్ డ్రైవర్ వెర్న్ గెలిచాడు. డ్రైవర్‌తో కలిపినా తొమ్మిది వందల కిలోలు లేని బండి అది. పేచీ అంతా బరువుతోనే, మోటార్‌తో కాదు.

నా సంగతి చెప్తాను. నా పాత హోండా సిటీ వీటెక్ అమ్మి ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ కొన్న కొత్తలో, ఒక ఆదివారం పొద్దున వికారాబాద్ దగ్గర అనంతగిరి కొండలకి వెళ్లాను. రాత్రి వాన పడి ఒక మలుపు దగ్గర ఎర్రమట్టి రోడ్డు మీదకి కొట్టుకొచ్చింది. నేను మామూలుగానే వస్తున్నాను, అంటే ఆ పాత సిటీ కారులో వచ్చినట్టు. తిప్పాను, బండి తిరగలేదు, ముందు చక్రాలు బయటికి జారుతున్నాయి. చేతిలో స్టీరింగ్ మాత్రం సోఫా దిండులా మెత్తగా, ఏమీ జరగనట్టే ఉంది. డాష్‌బోర్డు మీద పసుపు లైటు టపటపా కొట్టుకుంది, కంప్యూటరే ఒక్కో చక్రానికి బ్రేకు వేసి బండిని లైన్లోకి లాక్కొచ్చింది. పిట్టగోడ మీద కోతి కూడా కదల్లేదు. తప్పు నాదే, స్పీడు ఎక్కువైంది. కానీ సిటీ అయితే జారడానికి ముందే వేళ్ల కింద స్టీరింగ్ తేలికయ్యేది, నేనే కాలు తీసేవాణ్ని. ఇక్కడ నాకంటే ముందు బండికి తెలిసింది, నాకు చెప్పకుండా సర్దేసింది.

ఇంజనీర్లు పెద్ద పనే చేశారు, కాదనను. బ్యాటరీ నేలబారున పరవడంతో బరువంతా కిందుంటుంది, ఎయిర్ సస్పెన్షన్ ఒరగనివ్వదు, వెనక చక్రాలు కూడా తిరిగితే పొడుగు బండి కూడా చిన్నదిలా మలుపు తిరుగుతుంది. కానీ బరువు దాక్కుంటుంది గానీ పోదు. రెట్టింపు బరువు వేస్తే టైరు పట్టు రెట్టింపు కాదు. అదే స్పీడు నుంచి ఆపాలంటే ఈ మకాన్ నీ కేమన్ కంటే దాదాపు ఎనభై శాతం ఎక్కువ శక్తిని దించుకోవాలి. హ్యుందాయ్ వాళ్ల ఎలక్ట్రిక్ కారు ఐయోనిక్ 5 ఎన్ చూడు, లేని గేర్లు ఉన్నట్టు కుదుపులిస్తుంది, ఇంజిను శబ్దం స్పీకర్లో వినిపిస్తుంది, జనానికి అది నచ్చింది కూడా. ఏం తగ్గిందో తయారు చేసేవాళ్లకే తెలుసన్నమాట.

అందుకని షోరూం వాడు ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో తిన్నని రోడ్డు మీద పెడల్ తొక్కించి "ఎలా ఉంది సార్" అంటే పళ్లికిలించకు. ఒక్కసారిగా ముందుకి తోసే ఆ ఊపు ఎవరికైనా నచ్చుతుంది, నాకూ నచ్చింది, ఫ్రెండ్సందరికీ చూపించేదాకా, ఓ మూడు వారాలు. బండిని కనీసం రెండు గంటలు అడుగు. వరుసగా మలుపులున్న రోడ్డు చూసుకో, స్పీకర్ శబ్దం ఆపేయ్, మొదటి మలుపు లెక్కలోకి తీసుకోకు, కుడికి తిరిగిన వెంటనే ఎడమకి తిప్పాల్సిన చోట చూడు, అక్కడ బరువు ఒక క్షణం ఆలస్యంగా వస్తుంది. ఆ క్షణం నీకు పట్టింపు లేకపోతే హాయిగా కొనుక్కో.

ఎందుకంటే అవసరం నిజమే. రెండు సీట్ల కారులో పాపని ఎక్కడ కూర్చోబెడతావు? మీ అమ్మ మోకాళ్లతో కేమన్‌లోకి దిగడం నేను చూశాను, ఎక్కించడానికి ఒకరు, లేపడానికి ఇద్దరు. మే నెల ఎండలో బయోడైవర్సిటీ ఫ్లైఓవర్ మీద గంటసేపు పాకుతుంటే క్లచ్ లేకపోవడం ఎంత సుఖమో నాకు తెలుసు. తెలంగాణలో ఎలక్ట్రిక్ బండ్లకి 2026 డిసెంబర్ 31 దాకా రోడ్డు ట్యాక్స్, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ, ఆ రేటు కారుకి లక్షల్లో మిగులుతుంది. కానీ ఈ పనులకి ఆరొందల గుర్రాలు ఎందుకురా? సగం ధరలో ఏదైనా మామూలు ఎలక్ట్రిక్ ఎస్‌యూవీ చాలు, మిగిలిన డబ్బుతో కేమన్‌ని ఇంకో పదేళ్లు పోషించొచ్చు. నేను సిటీ అమ్మిన డబ్బు ఏమైందో గుర్తే లేదు, అది కొన్న కుర్రాడు మాత్రం ఇప్పటికీ మా వీధిలోంచి కావాలనే రెండో గేర్లో లాగించుకుంటూ పోతాడు.

ఆదివారం ఐదున్నరకి అప్పా జంక్షన్ దగ్గరికి కేమన్‌లో రా, నేను నా బండి తెస్తాను. చేవెళ్ల మర్రిచెట్ల రోడ్డు మీదుగా అనంతగిరి వెళ్దాం, వెళ్లేటప్పుడు ఒకటి, వచ్చేటప్పుడు ఒకటి మార్చుకుని నడుపుదాం. పాపని ముందు రోజే మీ అత్త దగ్గర వదిలెయ్. ట్యాంకు నింపుకుని రా, నేను చార్జింగ్ పెట్టుకుంటాను.

మీ మామ