కాళ్ళ వాపుకు నీటి మాత్రలా? ముందు బీపీ చూపించుకోండి

ప్రశ్న: నా వయసు 25. మొదటి కాన్పు. ఏడు నెలలు నిండాయి (30 వారాలు). ఎత్తు 5 అడుగుల 2 అంగుళాలు. గర్భం రాకముందు 58 కేజీలు ఉండేదాన్ని, ఇప్పుడు 71. అందులో 3 కేజీలు పోయిన రెండు వారాల్లోనే పెరిగాను. ఇద్దరి తిండి తినాలని అత్తగారు కొసరి కొసరి వడ్డిస్తున్నారు. ఇంత లావైతే ఆపరేషనే అని పక్కింటివాళ్ళు అంటున్నారు. కాళ్ళకు నీరు పడితే మెడికల్ షాపులో అడిగి నీరు తగ్గే మాత్రలు ఐదు రోజులు వాడాను, కొంచెం తగ్గింది. ఉంగరం వేలికి బిగుసుకుపోతోంది. అప్పుడప్పుడు తలనొప్పి, దానికీ మాత్ర వేసుకుంటున్నాను. మాది లంక గ్రామం, ఆసుపత్రికి వెళ్ళాలంటే రేవు దాటాలి. రాత్రి అన్నం మానేసి పుల్కాలు తింటే బరువు అదుపులోకి వస్తుందా? కాన్పయ్యాక ఈ లావు పోతుందా?
– ఒక సోదరి, కోనసీమ

సమాధానం: పుల్కాల సంగతి తర్వాత చూద్దామమ్మా. రెండు వారాల్లో 3 కేజీలు, బిగుసుకున్న ఉంగరం, తలనొప్పి. ఈ మూడూ కలిసి కనిపిస్తే మేము మొదట అడిగేది బీపీ ఎంత అని. ఇంత వివరంగా రాసిన మీరు ఆ ఒక్కటీ రాయలేదు. ఇది చదివిన రోజే బీపీ చూపించుకుని, మూత్రంలో ఆల్బుమిన్ (ప్రోటీన్) పరీక్ష చేయించుకోండి. అమలాపురం దాకా వెళ్ళేవరకూ ఆగక్కర్లేదు. మీ ఊరి ఏఎన్ఎం దగ్గర బీపీ మిషన్ ఉంటుంది, ఆశా కార్యకర్తకు కబురు పెట్టినా చాలు.

మిమ్మల్ని చూడకుండా ఉత్తరం చదివి జబ్బు ఫలానా అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఏమీ లేకపోవచ్చు. నెలలు నిండేకొద్దీ గర్భసంచి బరువుకు కాళ్ళలో రక్తం నిలిచి సాయంత్రానికి పాదాలు వాయడం చాలామందికి ఉంటుంది. రాత్రి పడుకుని లేచేసరికి అది తగ్గుతుంది. పొద్దున్నే ముఖం ఉబ్బినట్టున్నా, చేతులు వాచినా, బరువు వారానికి కేజీకి మించి పెరుగుతున్నా తేలిగ్గా తీసుకోం. ఐదో నెల దాటాక బీపీ 140/90, ఆపైన ఉండి మూత్రంలో ప్రోటీన్ పోతుంటే దాన్ని ప్రీ ఎక్లాంప్సియా అంటాం. మొదటి కాన్పులో ఇది వచ్చే అవకాశం ఎక్కువ. పట్టించుకోకపోతే ఫిట్స్ దాకా పోవచ్చు, మన పెద్దవాళ్ళు గుర్రపువాతం అనేది దాన్నే. వేళకు పట్టుకుంటే మందులతో బీపీని అదుపులో పెట్టి, తల్లినీ బిడ్డనీ గమనించుకుంటూ కాన్పు ఎప్పుడు చేయాలో నిర్ణయిస్తారు.

ఇక ఆ నీటి మాత్రలు. కోప్పడుతున్నానని అనుకోకండి, కానీ ఈ మాట చెప్పకుండా ఉండలేను. కడుపుతో ఉన్న మనిషి కాళ్ళు వాచాయనగానే షాపు కౌంటర్ మీద నుంచే మాత్రలు ఇచ్చేస్తున్నారు, ఇంట్లోవాళ్ళూ అదే వైద్యం అనుకుంటున్నారు. స్ట్రిప్ చూడండి, ఫ్రూసెమైడ్ అనో టోర్సెమైడ్ అనో ఉండొచ్చు. ప్రీ ఎక్లాంప్సియాలో ఒళ్ళంతా నీరు కనిపిస్తున్నా రక్తనాళాల లోపల నీరు తక్కువగా ఉంటుంది. ఉన్నదాన్ని మూత్రంలోకి తోడేస్తే మాయకు, దాని ద్వారా బిడ్డకు అందే రక్తం తగ్గే ప్రమాదం ఉంది. ఇంకో చిక్కు, వాపు తగ్గేసరికి మీరు నెమ్మదించారు. బీపీ ఉంటే అది వెనకాల పెరుగుతూనే ఉంటుంది. గుండె జబ్బులాంటి వాటికి డాక్టర్లు ఇవే మందులు గర్భిణులకు రాయడం ఉంది, అది వేరే లెక్క. అలా ఎవరూ రాయకుండా కొన్నవి ఇక వేసుకోకండి. మిగిలిన స్ట్రిప్ పారేయొద్దు, డాక్టర్‌కు చూపించండి.

తలనొప్పి మాత్ర పేరూ రాయలేదు మీరు. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఐదో నెల దాటాక సొంతంగా వాడకూడదు, బిడ్డ కిడ్నీల మీద, ఉమ్మనీటి మీద ప్రభావం చూపవచ్చు. పారాసిటమాల్ మేలే, అయినా ఈ నెలల్లో తలనొప్పి వస్తే ముందు బీపీ చూపించుకోండి, మాత్ర తర్వాత.

తలనొప్పి తగ్గకపోయినా, కళ్ళు మసకబారినా, మెరుపుల్లా కనిపించినా, పొట్ట పైభాగంలో పక్కటెముకల కింద నొప్పి వచ్చినా, మూత్రం బాగా తగ్గినా, బిడ్డ కదలికలు తగ్గినా 108కి ఫోన్ చేయండి. గ్యాస్ నొప్పి అనుకుని సోడా తాగి తెల్లారేదాకా చూసేవాళ్ళున్నారు. మీకు మధ్యలో రేవు ఒకటి ఉంది. అర్ధరాత్రి పంటు ఎక్కడుంది, పడవ ఎవరిది అని వెతుక్కునే పరిస్థితి తెచ్చుకోవద్దు. బీపీ ఎక్కువని తేలితే, డాక్టర్ వద్దనకపోతే, కాన్పయ్యేదాకా ఆసుపత్రికి దగ్గర్లో ఉండే చుట్టాలింట్లో ఉండటం మంచిది. వరద రోజులైతే మరీ.

బరువు మాటకొద్దాం. మీ ఎత్తుకు 58 కేజీలంటే బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువుందా అని చూసే లెక్క) 23 పైన. మామూలు బరువున్నవాళ్ళు తొమ్మిది నెలల్లో మొత్తం 11.5 నుంచి 16 కేజీలు పెరగవచ్చని అమెరికా లెక్క. మన భారతీయులకు 23 దాటితేనే అధిక బరువుగా చూస్తాం కాబట్టి మీకు కింది అంకెకు దగ్గరగా ఉంటే బాగుండేది. ఇప్పటికే 13 పెరిగారు. అలాగని ఇప్పుడు తగ్గించే ప్రయత్నం చేయొద్దు, పస్తులుండొద్దు. ఆపరేషన్ అవసరమా కాదా అన్నది ఒక్క బరువును బట్టి తేలేది కాదు, పక్కింటివాళ్ళకు ఆ మాట చెప్పండి.

ఇద్దరి తిండి అన్నది పొరపాటు. ఈ నెలల్లో అదనంగా కావలసింది రోజుకు సుమారు 350 కేలరీలు. రెండు ఇడ్లీలు, ఒక గుడ్డు, ఒక గ్లాసు పాలతో అది తీరిపోతుంది. అత్తగారి ప్రేమను కాదనలేకపోతే అన్నం బదులు పప్పు, చేప ముక్క ఎక్కువ వేయమనండి. రాత్రి పుల్కాలా అన్నమా అన్నది మీ ఇష్టం, రెండూ పిండిపదార్థమే, ఎంత తింటున్నారన్నదే లెక్క. సీమంతం చలిమిడి, కాజాలు, పూతరేకులు రుచి చూడండి, డబ్బా పక్కన పెట్టుకు కూర్చోకండి. వాపుందని ఉప్పు పూర్తిగా మానేయక్కర్లేదు, అలా మానేస్తే బీపీ రాదన్నది నిజం కాదు. ఆవకాయ, ఎండుచేపలు మాత్రం తగ్గించండి.

షుగర్ పరీక్ష చేయించారా? 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి రెండు గంటలకు రక్తం తీస్తారు, 140 అంతకు మించి వస్తే గర్భంలో షుగర్ ఉన్నట్టు. మామూలుగా 24 నుంచి 28 వారాల మధ్య చేస్తాం. చేయించకపోతే ఇప్పుడైనా చేయించాలి. థైరాయిడ్ రిపోర్టు కూడా ఒకసారి చూపించండి.

కాన్పయ్యాక సంగతి అడిగారు. బిడ్డ, మాయ, ఉమ్మనీరు కలిపి 5 కేజీల దాకా అప్పుడే పోతుంది. ఒంట్లో చేరిన నీరు తర్వాతి రోజుల్లో దిగుతుంది. మిగిలింది కొవ్వు, దానికి నెలలు పడుతుంది. పాలివ్వడం కొంత సాయం చేస్తుంది, అందరికీ ఒకేలా కాదు.

ప్రతి నెలా 9వ తేదీన ప్రభుత్వాసుపత్రుల్లో గర్భిణులకు ఉచితంగా పరీక్షలు చేస్తారు. కానీ మీరు ఆ తేదీ కోసం ఆగకండి. వెళ్ళేటప్పుడు తల్లీబిడ్డల కార్డు, స్కానింగ్ రిపోర్టులు, ఆ రెండు రకాల మాత్రల స్ట్రిప్పులు వెంట తీసుకెళ్ళండి.