జడలో ఉండిపోయిన గ్యాస్ వాసన

ప్రశ్న: మేడం, మా చెల్లి పనిచేసే ఫ్యాక్టరీలో మొన్న సాల్వెంట్ (వేరే పదార్థాల్ని కరిగించడానికి వాడే రసాయన ద్రవం) పైపు కారి ఆవిరి కమ్మేసింది. ఆసుపత్రిలో ఆక్సిజన్ పెట్టి సాయంత్రానికి పంపేశారు గానీ జుట్టు సంగతి ఎవరూ అడగలేదు, అదే జడతో వచ్చి పడుకుంది. తెల్లారేసరికి దిండు గలీబంతా అదే వాసన. అమ్మేమో వాసన పోతుందని కొబ్బరినూనె పట్టించింది. చుట్టాలు గుండు చేయించమంటున్నారు, చేయించాలా?
– ఒక అక్క, విశాఖపట్నం

జవాబు: గుండు వద్దమ్మా. బ్లేడుకి చిన్న గాటు పడినా తలలో మిగిలిన రసాయనం ఒంట్లోకి పోడానికి దారి ఇచ్చినట్టే. ఏదైనా జిగురులా అంటుకుని ఎంతకీ వదలకపోతే అంతవరకు కత్తెరతో తీసేస్తే చాలు.

అమ్మది ప్రేమేగానీ నూనె మాత్రం తప్పు. సాల్వెంట్లు చాలావరకు నూనెలో ఇట్టే కలిసిపోతాయి, అంటే వాసన పోకపోగా నూనెతో పాటు తలకే పట్టుకుని ఉంటుంది. 2020 మే 7 తెల్లవారుజామున మీ ఊళ్ళోనే ఆర్.ఆర్.వెంకటాపురంలో లీకైన స్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారీ రసాయనం కూడా ఇలాంటిదే, నీళ్ళలో పెద్దగా కరగదు, నూనెలో కరుగుతుంది. అందుకే వట్టి నీళ్ళు పోసుకుంటే సరిపోదు, షాంపూ కావాల్సిందే.

ఇవాళే జడ మొత్తం విప్పేసి, పిన్నులు రబ్బరు బ్యాండ్లు తీసేసి, తల వెనక్కి వంచి గోరువెచ్చని నీళ్ళు పోయండి, నురగ ముఖం మీదకి కళ్ళల్లోకి జారకూడదు. వేడినీళ్ళు వద్దు, మాడుని గోళ్ళతో గీకొద్దు, నూనె వదిలేదాకా రెండుసార్లు షాంపూ పెట్టండి, కండిషనర్ వద్దు. కుంకుడురసం నేను చెప్పను, అసలే మండుతున్న కళ్ళల్లో పడితే ఇంకో బాధ. ఆరబెట్టేది ఆరుబయట, తలుపులేసిన గదిలో డ్రయ్యర్ పెట్టొద్దు.

అసలైతే ఇదంతా ఆరోజే జరగాలమ్మా. ముందు గాలి తగిలేచోటికి రావాలి, ఊపిరి ఆడకపోతే 108, ఆ వెంటనే బట్టలు, తలలో పూలుంటే అవీ తీసేయాలి, టీషర్టు లాంటిదైతే తల మీదుగా లాగకుండా కత్తిరించాలి, లేదంటే దానికున్నదంతా ముఖానికి జుట్టుకి రాసుకున్నట్టే. బట్టలు విప్పడంతోనే ఒంటిమీది రసాయనం చాలావరకు పోతుంది, కానీ జుట్టు విప్పలేని బట్ట కదా, దాన్ని కడగాల్సిందే. పక్కవాళ్ళకీ ప్రమాదమే, 1995 మార్చిలో టోక్యో మెట్రోలో సారిన్ అనే విషవాయువు వదిలినప్పుడు బాధితుల బట్టల్లోంచి వచ్చిన ఆవిరికి ఆసుపత్రి సిబ్బందికే కళ్ళు మసకబారాయి. చంటిపిల్లలున్న ఇంట్లో ఇది మరీ గుర్తుపెట్టుకోవాలి, తల్లి జడలో ముఖం పెట్టుకునే పడుకుంటారు కదా.

కారిన సాల్వెంట్ పేరేంటో ఫ్యాక్టరీ సేఫ్టీవాళ్ళని అడిగి కాగితం మీద రాయించుకోండి, అడగడం అక్కడ పనిచేసే మీ చెల్లి హక్కు. దగ్గు, ఆయాసం, కళ్ళమంట, మాడు మీద దద్దుర్లు ఏదున్నా ఆ కాగితంతో మళ్ళీ డాక్టర్ దగ్గరికెళ్ళండి. దిండు గలీబు, దువ్వెన, ఆరోజు వేసుకున్న చున్నీ మిగతా బట్టల్లో కలపకుండా విడిగా ఉతకండి, వాసన పోకపోతే మాత్రం దాచుకోకండి, పారేయండి.