సమాధానం: కీమో నడుస్తుండగా అమ్మకు ఒక్క కాలే వాచింది

తమ్ముడూ, ఆదోనిలో అమ్మకు పాంక్రియాస్ (క్లోమం) క్యాన్సర్, కీమో మధ్యలో ఎడమ పిక్క వాచి నొప్పి పెడుతోంది, నూనె రాసి మర్దన చేస్తున్నాం అన్నావు. ముందు ఆ మర్దన ఆపెయ్. లోపల రక్తం గడ్డ ఉంటే కదిలి ఊపిరితిత్తులకు చేరొచ్చు, ప్రాణం మీదికొస్తుంది.

ఈ క్యాన్సర్ కణాలు టిష్యూ ఫ్యాక్టర్ అనే ప్రోటీన్‌ను రక్తంలోకి వదులుతాయి. దాంతో గాయం లేకున్నా రక్తం గడ్డకడుతుంది. కీమో రక్తనాళాల లోపొరను దెబ్బతీస్తుంది. మంచం మీదే ఉండడం, వాంతులతో ఒంట్లో నీళ్లు తగ్గడం, పైన మన ఎండలు, ఇవన్నీ గడ్డకట్టే ముప్పును ఇంకా పెంచుతాయి. పాంక్రియాస్, కడుపు క్యాన్సర్లలో ముప్పు మరీ ఎక్కువ.

మోకాలి చిప్ప కింది ఎముక గుబ్బ నుంచి 10 సెం.మీ. దిగువన రెండు పిక్కలనూ టేపుతో కొలువు. తేడా 3 సెం.మీ. దాటితే అనుమానం గట్టిదే. తక్కువున్నా సరే, ఈరోజే కర్నూలు పెద్దాసుపత్రిలో డాప్లర్ స్కాన్ (కాలి నాళాల్లో రక్తం ఎలా పారుతోందో చూసేది) చేయించు. డి-డైమర్ అనే రక్తపరీక్ష (గడ్డ ఉందేమో సూచించేది) ఒక్కటే చాలదు, క్యాన్సర్‌లో అది ఎలాగూ పెరుగుతుంది.

రక్తం గడ్డ తేలితే మామూలుగా ఎనాక్సపారిన్ అనే, రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంజెక్షన్ ఇస్తారు: కిలో బరువుకు 1 మి.గ్రా., 12 గంటలకోసారి, పొట్ట చర్మం కింద. ప్లేట్‌లెట్లు 50,000 కంటే తగ్గినా, కిడ్నీలు బాగాలేకున్నా డాక్టరు మోతాదు మారుస్తారు, తాజా రిపోర్టులు వెంట పెట్టుకో. వాపు తగ్గిందని మీ అంతట మీరు మానొద్దు, కనీసం 3 నుంచి 6 నెలలు వాడాలి. ఆయాసం, ఛాతీనొప్పి, దగ్గులో రక్తం కనిపిస్తే వెంటనే 108.