పాఠ్యపుస్తకాల పరిశీలనకు కూర్చోబోతున్న ఉపాధ్యాయురాలికి

చిరంజీవికి ఆశీస్సులు.

ఉన్నత పాఠశాల ప్రపంచ చరిత్ర పుస్తకాలను సాంఘిక శాస్త్ర ప్రమాణాలతో, అంటే విద్యార్థి ఏం నేర్చుకోవాలో చెప్పే పత్రాలతో, సరిపోల్చి చూసే సంఘంలోకి నిన్ను తీసుకున్నారని నీ ఉత్తరం ద్వారా తెలిసి చాలా సంతోషించాను. నాలుగు పుస్తకాలు, ఒక్కొక్కటి వెయ్యి పుటలకు దగ్గర, గడువు ఆరు వారాలు, ఎక్కడ మొదలుపెట్టాలో తోచడం లేదు అని రాశావు. ఈ పని నేను చాలా ఏళ్లు చేశాను. అందులో మొదటి రెండు మూడేళ్లు తప్పు పద్ధతిలో చేశాను కాబట్టి, ఆ తప్పు నీకు జరగకూడదని కొంత వివరంగా రాస్తున్నాను.

ప్రతి పుస్తకంతోపాటు ప్రచురణకర్తలు ఒక పట్టిక పంపుతారు. ఎడమవైపు ప్రమాణాలు, కుడివైపు ఆయా ప్రమాణాలు నెరవేరాయని చెప్పే పుట సంఖ్యలు ఉంటాయి. ఆ పట్టికను నీ చదువు పూర్తయ్యేదాకా తెరవవద్దు. మొదటిసారి ఈ పనికి కూర్చున్నప్పుడు నేను ఆ పట్టిక పట్టుకునే పుటలు తిప్పాను. ప్రమాణంలోని మాట పుటలో కనిపిస్తే చాలు, టిక్కు పెట్టి ముందుకు సాగాను. అట్లాంటిక్ బానిస వ్యాపారం ఆఫ్రికా సమాజాలపై చూపిన ప్రభావాన్ని విశ్లేషించాలన్న ప్రమాణానికి ఒక పుస్తకం ఏడు పుటలు చూపింది. వాటిలో ఓడల ప్రయాణం ఉంది, చక్కెర తోటలున్నాయి, సుమారు కోటీ 25 లక్షల మందిని ఓడలెక్కించారన్న సంఖ్య ఉంది, చక్కని పటం ఉంది. నేను పూర్తి మార్కులు వేశాను. మరుసటి ఏడాది ఆ పుస్తకంతో పాఠం చెప్పిన ఒక ఉపాధ్యాయుడు నా దగ్గరికి వచ్చి, అంతమందిని పోగొట్టుకున్న ఊళ్లలో, రాజ్యాల్లో ఏం జరిగిందో పిల్లలు అడుగుతున్నారనీ, పుస్తకంలో దానికి రెండు వాక్యాలే ఉన్నాయనీ చెప్పాడు. ఇంటికి వెళ్లి ఆ ఏడు పుటలు మళ్లీ చదివాను. అతను చెప్పింది నిజం. ప్రమాణం అడిగింది ఆఫ్రికా గురించి, పుస్తకం చెప్పింది సముద్రం గురించీ అమెరికా ఖండాల గురించీ. ప్రస్తావించడం వేరు, బోధించడం వేరని నాకు ఆ రోజు అర్థమైంది. నీకు రాయదలచినదంతా ఆ ఒక్క తేడా చుట్టూనే తిరుగుతుంది.

కాబట్టి పుస్తకం తెరిచే ముందు ప్రమాణాలను చదువు, అందులోనూ ప్రతి వాక్యం చివరనుండే క్రియను చదువు. గుర్తించడం, వివరించడం, పోల్చడం, విశ్లేషించడం, ఆధారాలతో వాదించడం అన్నవి ఒకే పని కావు. మొదటి ప్రపంచ యుద్ధ కారణాలను గుర్తించాలని ప్రమాణం అంటే కూటములు, సైనిక పోటీ, సామ్రాజ్య కాంక్ష, జాతీయవాదం అన్న నాలుగు మాటలున్న పుస్తకం సరిపోతుంది. విశ్లేషించాలని అంటే సరిపోదు. 1914 జూన్ 28న సరయేవోలో ఆస్ట్రియా-హంగరీ సింహాసన వారసుడు ఫ్రాంజ్ ఫెర్డినాండ్ హత్య జరిగితే, ఆ సామ్రాజ్యం సెర్బియాపై యుద్ధం ప్రకటించింది జూలై 28న. ఈ మధ్య నెల రోజుల్లో జర్మనీ తన మిత్రరాజ్యానికి ఎలాంటి హామీ ఇచ్చింది, సెర్బియాకు పంపిన షరతుల్లో ఏముంది, రష్యా సైన్యాన్ని ఎందుకు కదిలించింది, ఏ దశలోనైనా ఎవరైనా ఆగగలిగేవారా అన్నవి పుస్తకంలో ఉంటేనే విద్యార్థి విశ్లేషించడానికి ఏదో ఒకటి చేతికి దొరుకుతుంది. హత్య ఒక పేరాలో, యుద్ధం తర్వాతి పేరాలో ఉన్న పుస్తకం కారణాల జాబితాను కంఠస్థం చేయిస్తుంది, అంతకుమించి చేయలేదు.

ప్రమాణాల తీరు కూడా అంతటా ఒకటి కాదు. కొన్ని చోట్ల అవి కాలక్రమంలో విషయాల జాబితాగా ఉంటాయి, కొన్ని చోట్ల ఇతివృత్తాలుగా ఉంటాయి. అమెరికాలోని సాంఘిక శాస్త్ర బోధకుల సంస్థ నేషనల్ కౌన్సిల్ ఫర్ ది సోషల్ స్టడీస్ 1994లో ప్రకటించి 2010లో సవరించిన పది ఇతివృత్తాలు రెండో రకానివి. సంస్కృతి, కాలం, మార్పు, మనుషులు, పరిసరాలు, అధికారం, పాలన, ఉత్పత్తి, పంపిణీ, ప్రపంచ సంబంధాలు వంటివి వాటిలో ఉన్నాయి. అక్కడే సాంఘిక శాస్త్ర ప్రమాణాలు రాసుకోవడానికి మార్గదర్శకంగా 2013లో వచ్చిన సీ3 చట్రం విద్యార్థి ప్రశ్నలు వేయడానికీ, ఆధారాలను తూచడానికీ, తన నిర్ణయాన్ని ఇతరులకు చెప్పడానికీ పెద్దపీట వేసింది. విషయాల జాబితాతో పుస్తకాన్ని సరిచూడటం సులువు. ఇతివృత్తాలతో సరిచూడటం కష్టం, ఎందుకంటే వెయ్యి పుటల పుస్తకంలో ‘సంస్కృతి’ ఎక్కడో ఒకచోట ఉండనే ఉంటుంది. అలాంటప్పుడు ఆ ఇతివృత్తం ఒక యుగం నుంచి ఇంకో యుగానికి తెగకుండా నడిచిందా లేదా అన్నదే చూడాలి.

ప్రమాణాలను గౌరవించు, కానీ అవి కూడా మనుషులు కూర్చుని వాదించుకుని రాసినవే అని మరువకు. అమెరికాలో 1994లో తయారైన జాతీయ చరిత్ర ప్రమాణాలను 1995 జనవరిలో ఆ దేశపు సెనేట్ 99-1 ఓట్లతో తిరస్కరించింది, 1996లో వాటిని సవరించి మళ్లీ వెలువరించారు. ప్రమాణమే అడగని ముఖ్యమైన విషయాన్ని ఒక పుస్తకం బాగా చెప్పి ఉంటే దానికి మార్కుల గడి ఉండదు. అయినా నీ నివేదికలో దాన్ని విడిగా రాయి.

ఆరు వారాల్లో నాలుగు వేల పుటలు ఒకే శ్రద్ధతో చదవడం ఎవరికీ సాధ్యం కాదు. నేను చేసేది ఇది. మొదట ప్రతి పుస్తకాన్నీ త్వరగా ఒకసారి చూసి దాని నిర్మాణం అర్థం చేసుకుంటాను. తర్వాత మూడు నాలుగు విషయాలను ఎంచుకుని, అవే విషయాలను నాలుగు పుస్తకాల్లోనూ పక్కపక్కన పెట్టుకుని అక్షరం వదలకుండా చదువుతాను. నేను ఎప్పుడూ వదలని విషయం హైతీ విప్లవం. కరీబియన్‌లోని ఆ ఫ్రెంచ్ వలసలో 1791లో బానిసలు తిరగబడి, నెపోలియన్ పంపిన సైన్యాన్ని ఓడించి, 1804 జనవరి 1న స్వతంత్ర దేశాన్ని స్థాపించారు. మానవ హక్కుల గురించిన మాటలు నిజంగా ఎవరికి వర్తిస్తాయని ఆ కాలంలో అడిగిన అతి కఠినమైన ప్రశ్న అది. 1776 అమెరికా విప్లవానికీ 1789 ఫ్రెంచ్ విప్లవానికీ పుటలకు పుటలు ఇచ్చి, హైతీని లాటిన్ అమెరికా అధ్యాయంలో ఒక పేరాతో ముగించిన పుస్తకం, విప్లవాలను పోల్చాలన్న ప్రమాణాన్ని ఎలా నెరవేరుస్తుంది? అదే ఇంకో పుస్తకం 1794లో ఫ్రెంచ్ సభ బానిసత్వాన్ని రద్దు చేయడంలో ఆ తిరుగుబాటు పాత్ర ఏమిటో చెప్పి, 1825లో గుర్తింపు ఇచ్చినందుకు ఫ్రాన్స్ ఆ దేశం నుంచి 15 కోట్ల ఫ్రాంకుల పరిహారం కోరిన సంగతి కూడా చెప్పిందనుకో, పోలిక దానంతట అదే నిలబడుతుంది.

హిందూ మహాసముద్ర వర్తకం కూడా మంచి గీటురాయి. కొన్ని పుస్తకాల్లో ఆ సముద్రం 1498లో వాస్కో డ గామా కాలికట్ చేరడంతో పుడుతుంది. ఋతుపవనాల గాలిని లెక్కగట్టి శతాబ్దాలుగా రాకపోకలు సాగించిన అరబ్బులు, గుజరాతీలు, తూర్పు ఆఫ్రికాలోని స్వాహిలీ రేవుల వర్తకులు, 1025లో సుమత్రాలోని శ్రీవిజయ రాజ్యం మీదికి సాగిన చోళుల నౌకాయాత్ర, 1405 నుంచి 1433 దాకా చైనా నౌకాధిపతి జెంగ్ హో చేసిన ఏడు యాత్రలు, వీటిలో ఎన్ని కనిపిస్తాయో చూడు. గామా కూడా తూర్పు ఆఫ్రికా రేవు మాలిందిలో దొరికిన, ఆ సముద్రం ఎరిగిన నావికుడి సాయంతోనే దాటాడు. ఆ నావికుడు పాఠంలో ఉన్నాడా లేడా అన్న చిన్న విషయం అధ్యాయం ఎవరి కళ్లతో రాశారో చెబుతుంది. మహామారి ప్లేగు విషయమూ అంతే. 1347లో అది సిసిలీకి చేరిన సంవత్సరమే అలెగ్జాండ్రియాకూ చేరింది. యూరప్ పటం మాత్రమే ఇచ్చిన పుస్తకం ప్రపంచ సంబంధాల గురించి బోధించినట్టు కాదు.

ఇక భాష. నీవు భాష మీద ప్రేమ ఉన్న మనిషివి కాబట్టి ఇది నీకు తొందరగా పట్టుబడుతుంది. కర్త లేని వాక్యాల కింద గీత గీస్తూ వెళ్లు. ‘ఆఫ్రికా విభజింపబడింది’, ‘స్థానికులు తొలగింపబడ్డారు’, ‘కరువు సంభవించింది’ వంటి వాక్యాల్లో పని ఉంటుంది, చేసినవాడు ఉండడు. 1884-85 బెర్లిన్ సమావేశంలో 14 దేశాల ప్రతినిధులు కూర్చున్నారనీ, వారిలో ఆఫ్రికా రాజ్యాల ప్రతినిధి ఒక్కరూ లేరనీ చెప్పే పుస్తకానికీ, విభజన వర్షం కురిసినట్టు దానంతట అదే జరిగిపోయిందని అనిపించే పుస్తకానికీ చాలా దూరం ఉంది. దీనికి రెండో పక్క కూడా చూడాలి. వలసపాలనకు లోనైనవారు బాధపడేవారిగానే కనిపిస్తున్నారా, లేక నిర్ణయాలు తీసుకున్నవారిగా, ఎదిరించినవారిగా, బేరమాడినవారిగా కూడా కనిపిస్తున్నారా? 1896లో అద్వా దగ్గర ఇథియోపియా సైన్యం ఇటలీని ఓడించింది. ఆ అధ్యాయంలో అద్వాకు ఎంత చోటు దొరికిందో కొలిచి చూడు. ప్రధాన పాఠంలో ఉన్నదీ, పక్కన రంగు పెట్టెలో ఉన్నదీ వేర్వేరుగా లెక్కపెట్టు. పరీక్షలు దగ్గరపడినప్పుడు తరగతిలో మొదట వదిలేసేవి ఆ రంగు పెట్టెలే. స్త్రీల చరిత్ర ఎక్కువగా ఆ పెట్టెల్లోనే చిక్కుకుని ఉండటం నేను పదే పదే చూశాను, చూసిన ప్రతిసారీ బాధపడ్డాను.

మూలాధారాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగమని కోరుతున్నాను. ఆధారాలను పరిశీలించడం దాదాపు ప్రతి ప్రమాణపత్రంలోనూ ఉంటుంది, దాదాపు ప్రతి పుస్తకమూ ఆధారాలు ఇచ్చామని చెబుతుంది. అశోకుని 13వ శిలాశాసనాన్ని తీసుకో. కళింగ యుద్ధంలో లక్షమంది హతులయ్యారనీ, లక్షా యాభై వేలమందిని తరలించుకుపోయారనీ, అందుకు రాజు పశ్చాత్తాపపడ్డాడనీ అందులో ఉంది. ఒక పుస్తకం నాలుగు పంక్తులు ఇచ్చి, ఎంతమంది చనిపోయారని అడుగుతుంది. అది చదివి చూసి రాయడమే తప్ప ఆధారాన్ని పరిశీలించడం కాదు. కళింగ ప్రాంతంలోని ధౌలి, జౌగడ శాసనాల్లో ఈ 13వ శాసనం లేదు, దాని స్థానంలో వేరే శాసనాలు చెక్కించారు. ఓడిన ప్రజల కళ్లముందు రాజు ఆ మాటలు ఎందుకు పెట్టలేదు, పశ్చాత్తాపం ఎవరికి వినిపించడానికి అని అడిగితే పదిహేనేళ్ల పిల్లవాడు కూడా చరిత్రకారుడిలా ఆలోచిస్తాడు. ఇచ్చిన భాగం ఎంత పొడవుంది, మధ్యలో ఏం కత్తిరించారు, ఎవరు ఎప్పుడు ఎవరికోసం రాశారో చెప్పారా, దానికి ఎదురు చెప్పే ఇంకొక ఆధారం పక్కన ఉందా అన్నవి గమనించు.

అధ్యాయం చివరి ప్రశ్నలను విడిగా లెక్కపెట్టు. జ్ఞాపకం ఉంటే చాలినవి ఎన్ని, పాఠంలో లేని ముడి విప్పాల్సినవి ఎన్ని అని రెండు వరుసలు వేసుకుంటే చాలు. పాఠం ఎంత బాగున్నా, తరగతి గది నడిచేది ప్రశ్నల వెంటే.

దోషాల కోసం కూడా ఒక కన్ను ఉంచు. కొలంబస్ కాలంలో చదువుకున్నవారు భూమి బల్లపరుపుగా ఉందని నమ్మేవారు కాదు, అయినా ఆ కథ ఇంకా అక్కడక్కడా వస్తుంది. అచ్చు కథ 15వ శతాబ్దపు జర్మన్ ముద్రకుడు గుటెన్‌బర్గ్‌తోనే మొదలైతే, 1377లోనే కొరియాలో లోహపు అచ్చులతో పుస్తకం ముద్రించిన సంగతి ఏమైందని అడగాలి. పటాల్లో గ్రీన్‌లాండ్, ఆఫ్రికా ఒకే పరిమాణంలో కనిపిస్తే, ఆఫ్రికా నిజానికి దానికి సుమారు 14 రెట్లు పెద్దదని ఎక్కడైనా హెచ్చరించారేమో చూడు.

మార్కులు వేసేటప్పుడు ప్రతి మార్కు పక్కన పుట సంఖ్య, ఒక వాక్యం కారణం రాయి. కారణం రాయలేకపోతే ఆ మార్కు వేయవద్దు. నా గడుల్లో అసలు లేదు, ప్రస్తావన ఉంది, వివరణ ఉంది, ప్రమాణం కోరిన పనిని విద్యార్థి చేసే అవకాశం ఉంది అన్న నాలుగు మెట్లే ఉంటాయి. పదింటికి ఏడు, ఎనిమిది అని వేస్తే ఆ తేడా ఎవరికీ అర్థం కాదు. సభ్యులంతా విడివిడిగా చదివి, రాసి, ఆ తర్వాతే కలిసి కూర్చోవాలని మొదటి సమావేశంలోనే కోరు. ఒకరు నాలుగో మెట్టు, ఇంకొకరు రెండో మెట్టు వేసినచోట సగటు తీసి మూడు అని రాసుకోవద్దు. ఆ పుట తెరిచి ఇద్దరూ గట్టిగా చదవండి. నేను అలాంటి చోట్ల చాలాసార్లు నా మార్కు మార్చుకున్నాను. ప్రచురణ సంస్థల ప్రతినిధులు మర్యాదగానే వస్తారు, మర్యాదగానే మాట్లాడు, కానీ పరిశీలన ముగిసేదాకా ఎవరితోనూ విడిగా కలవవద్దు. చివరికి ప్రచురణకర్త పట్టిక తెరిచినప్పుడు నీ పట్టికతో పోల్చు. వాళ్లు చూపిన పుటల్లో నీకు కనిపించనిది నిజంగా ఉంటే ఒప్పుకుని దిద్దుకో.

ఏ పుస్తకమూ అన్ని ప్రమాణాలనూ తీర్చదు. అందుకే నివేదిక చివర, ఎంపికైన పుస్తకంలో ఏ ప్రమాణానికి లోటు ఉందో, ఉపాధ్యాయులు దాన్ని ఎలాంటి ఆధారంతో, ఎన్ని పీరియడ్లలో పూరించవచ్చో రెండు పుటలు తప్పక చేర్చు. సంఘం తీర్మానాన్ని తర్వాత ఎవరూ తెరిచి చూడరు, ఆ రెండు పుటలు మాత్రం ఏళ్ల తరబడి ఉపాధ్యాయుల చేతుల్లో తిరుగుతాయి.

ఈ వారం విప్లవాల అధ్యాయాన్ని నాలుగు పుస్తకాల్లోనూ పక్కపక్కన చదివి, మొదటి పట్టిక వేసి పంపు. మార్కులు ఇప్పుడే వేయవద్దు, గీతలు గీసిన వాక్యాలు, పుట సంఖ్యలు చాలు. చూసి వెంటనే జాబు రాస్తాను.

ఆశీస్సులతో,
నీ పాత మాస్టారు