పథ్యం పేరుతో అమ్మని పస్తు పెట్టొద్దు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకి 74 ఏళ్లు, బాత్రూంలో జారిపడి తుంటి ఎముక విరిగితే ఆపరేషన్ చేయించాం. మూడు నెలల కింద 52 కిలోలు ఉండేది, ఇప్పుడు 46. పప్పు, గుడ్డు పెడితే కుట్లకి చీము పడుతుందని మా పెద్దమ్మ అంటోంది, అందుకే ఇడ్లీ, జావ, కొబ్బరినీళ్లే ఇస్తున్నాం, సరిపోతుందా?

సమాధానం: సరిపోదమ్మా. మూడు నెలల్లో పది శాతం పైనే తగ్గారు, వయసు కదా అని వదిలేసే విషయం కాదిది, వెంటనే డైటీషియన్‌కి చూపించండి. పప్పుతో చీము అనే మాట వార్డులో రోజూ వింటుంటా, వినేసరికి ప్రాణం ఉసూరుమంటుంది, చీము పట్టేది ఇన్‌ఫెక్షన్ వల్ల, పుండు మానడానికి ప్రొటీనే కావాలి. జబ్బుపడ్డ పెద్దవాళ్లకి కిలో బరువుకి 1.2 నుంచి 1.5 గ్రాములు, అంటే అమ్మకి రోజుకి 55 నుంచి 70 గ్రాములు. ఒక గుడ్డులో ఉండేది 6 గ్రాములే, కొబ్బరినీళ్లలో దాదాపు ఏమీ ఉండదు. మెత్తగా ముద్దపప్పు అన్నం నెయ్యేసి, గడ్డపెరుగు, గుడ్డు, ముళ్లు తీసిన చేప, ఒకేసారి తినలేరు కాబట్టి కొంచెం కొంచెంగా ఆరుసార్లు పెట్టండి, జావ అయితే పాలతో కాయండి. కిడ్నీ జబ్బుంటే మాత్రం ముందు డాక్టర్ని అడగండి. రోజుల తరబడి దాదాపు ఏమీ తినకపోయి ఉంటే ఒక్కసారిగా ఎక్కువ పెట్టొద్దు, రక్తంలో ఫాస్ఫేట్ అనే లవణం పడిపోయి ప్రమాదం. అన్నట్టు కట్టుడు పళ్లు పెట్టుకుంటున్నారా? అవి లేకే నమల్లేక తినడం మానేస్తారు చాలామంది. వారం వారం బరువు చూసి రాసిపెట్టండి.