పట్టికలో పెద్ద అంకె చూసి విత్తనం కొనకు

చిరంజీవి మేనల్లుడికి మావయ్య ఆశీస్సులు.

వ్యవసాయ థీసిస్‌లు పెట్టే కృషికోశ్ వెబ్‌సైట్లో దొరికినవీ, గుంటూరు దగ్గర లాంలో ఉన్న వ్యవసాయ విశ్వవిద్యాలయం పరిశోధన వ్యాసాలూ ఫోన్ నిండా దింపుకున్నావట. వాటిలో ఎక్కువ దిగుబడి చూపించిన వరి రకాన్ని ఈ సార్వాలో (వానాకాలం పంటలో) ఆరెకరాలకూ వేస్తానని పట్టుబట్టావట. అక్కయ్య ఫోన్లో చెప్పింది. చదవడం మంచిదే. కాకపోతే ఆ కాగితాలు చదవడానికి ఒక వరస ఉంది. దిగుబడి అంకె అన్నిటికన్నా చివర చూడాల్సింది. నువ్వు మొట్టమొదట దాని మీదే పడ్డావు.

ముందు నీ చేతిలో ఉన్నది ఏ కాగితమో చూసుకో. ఎమ్మెస్సీ థీసిస్ అయితే సాధారణంగా ఒక్క పంటకాలం ప్రయోగం, పీహెచ్‌డీ అయితే రెండేళ్లు. ఆ ఏడు నీళ్లు సకాలంలో అంది, పైరు రసం పీల్చే దోమ రాకపోతే ఒక ఫలితం, మరుసటేడు ఇంకో ఫలితం. కొత్త రకాన్ని మాత్రం పరిశోధనా స్థానంలో, బయటి కేంద్రాల్లో, ఆ తర్వాత రైతులకు కొద్దిపాటి విత్తనమిచ్చి వాళ్ల పొలాల్లో వేయించే చిరుసంచుల ప్రయోగాల్లో ఏళ్ల తరబడి చూస్తారు. అక్కడ నిలబడ్డవే విశ్వవిద్యాలయం ఏటా వేసే వ్యవసాయ పంచాంగంలోకి ఎక్కుతాయి. థీసిస్‌కీ పంచాంగానికీ తేడా వస్తే పంచాంగం మాటే విను, మందుల విషయంలో మరీనూ. పాత థీసిస్‌లో ఎండోసల్ఫాన్ అనే పురుగుమందు బ్రహ్మాండంగా పనిచేసిందని ఉంటుంది. అది 2011లోనే నిషేధమైపోయింది.

ఇంకో మెలిక ఉంది. ఈ విశ్వవిద్యాలయం 1964లో పుట్టి, 1996లో ఆచార్య ఎన్.జి. రంగా గారి పేరు పెట్టుకుని, రాష్ట్రం విడిపోయేదాకా రాజేంద్రనగర్ నుంచి నడిచింది. అందుకని పాత కాగితాల్లో తెలంగాణ చల్కా నేలల (ఎర్ర ఇసుక నేలల) ప్రయోగాలూ కలిసి ఉంటాయి. మిరప సంగతి వేరు. పరిశోధన జరిగేది లాంలోనే అయినా, 2007లో ఉద్యాన విశ్వవిద్యాలయం వచ్చాక అది వెంకట్రామన్నగూడెం వాళ్ల కిందికి వెళ్లింది. కొత్త మిరప ఫలితాలు వాళ్ల దగ్గర వెతుక్కో.

ఇక కాగితం తెరిచాక నేరుగా ‘ప్రయోగ సామగ్రి, పద్ధతులు’ అనే అధ్యాయానికి వెళ్లు. అక్కడ నాలుగు సంగతులు చూడాలి: ఏ నేల, ఏ కాలం, నీటి వసతి ఏమిటి, దేనితో పోల్చారు. బాపట్ల కళాశాల పొలాల్లో ఇసుక పాలు ఎక్కువున్న మళ్లు ఉన్నాయి, లాంలో నల్లరేగడి. ఇసుకలో నత్రజని కిందికి కొట్టుకుపోతుంది కాబట్టి అక్కడ నాలుగు దఫాలుగా వేస్తే వచ్చిన లాభం మీ బరువు నేలలో రావాలని లేదు. మినుముకైతే ఇంకా జాగ్రత్త. మెట్టలో ఎద పెట్టిన మినుము దిగుబడి పట్టుకుని, వరి కోతకు ముందు చల్లే మాగాణి మినుముకు లెక్క కట్టకూడదు. మాగాణిలో ఆ పైరు మిగులు తేమ మీదే బతకాలి, పైగా పైరును అల్లుకుని దాని సారం పీల్చే బంగారుతీగ కలుపు బెడద.

రకం పేరులోనే దాని పుట్టిల్లు ఉంటుంది. బీపీటీ అంటే బాపట్ల, ఎంటీయూ మార్టేరు, ఎన్‌ఎల్‌ఆర్ నెల్లూరు, ఎల్‌బీజీ లాం మినుము, ఎన్‌బీఈజీ నంద్యాల శనగ. పుట్టిల్లు తెలిస్తే అది ఏ నేలలో, ఏ నీటిలో ఎంపికైందో సగం తెలిసినట్టే. 1986లో వచ్చిన బీపీటీ 5204ను, అంటే సాంబమసూరిని, ఇప్పటికీ పోలిక రకంగా పెడుతుంటారు. కొత్త రకం దాన్ని దాటిందంటే ఎందులో దాటిందో చూడు. అది దాదాపు 150 రోజుల పంట, అగ్గితెగులుకు లొంగిపోతుంది. తెగులు బాగా తగిలిన ఏడాది దాన్ని దాటడం గొప్ప కాదు. తెగులు లేని ఏడాదిలో కూడా దాటిందా, బియ్యం మిల్లులో నూక కాకుండా నిలబడ్డాయా అన్నవే అసలు ప్రశ్నలు.

ఇప్పుడు పట్టికకు రా. కొత్త రకం హెక్టారుకు 6,200 కిలోలు, పోలిక రకం 5,900 అని ఉందనుకో. నీ కళ్లు 6,200 దగ్గర ఆగిపోతాయి. ఆగకుండా పట్టిక అడుగుకి దిగు. అక్కడ ‘సీడీ 5 శాతం వద్ద’ అని ఒక వరస ఉంటుంది. సీడీ అంటే క్రిటికల్ డిఫరెన్స్, నమ్మదగ్గ కనీస తేడా. ఆ అంకె 412 అనుకో. రెండు రకాల మధ్య తేడా 412 దాటితేనే అది రకం వల్ల వచ్చిందని నమ్మాలి. ఇక్కడ తేడా 300. అంటే ఆ ప్రయోగం ప్రకారం రెండూ ఒక్కటే, మిగతాది మడికీ మడికీ ఉండే హెచ్చుతగ్గు. సీడీ ఉండాల్సిన చోట ‘ఎన్‌ఎస్’ (నాన్ సిగ్నిఫికెంట్, అంటే నమ్మదగ్గ తేడా లేదు) అని ఉంటే ఇక ఆ వరసలో పోలిక పెట్టకు. పక్కనే సీవీ అని, ప్రయోగంలో హెచ్చుతగ్గులు ఎంతో చెప్పే శాతం ఉంటుంది. వరి ప్రయోగంలో అది 15 దాటిందంటే మళ్లు ఒకదానికొకటి సరిగ్గా కలవలేదన్నమాట, అనుమానంగానే చూడు.

మడి ఎంతదో కూడా చూడు. చాలా ప్రయోగాల్లో కోసి తూచేది 20 చదరపు మీటర్లకు అటూ ఇటూ. అంత చిన్న మడిలో తూకంలో కిలో తేడా వచ్చిందంటే హెక్టారుకు 500 కిలోల తేడా అయి కూర్చుంటుంది. అందుకే ఒక్కో రకాన్ని ఆ ప్రయోగంలోనే మూడు నాలుగు మళ్లలో పునరావృతం చేస్తారు. పునరావృతం లేని అంకెను వాళ్లూ నమ్మరు, నువ్వూ నమ్మకు.

ఆ తర్వాత మన లెక్కలోకి మార్చుకో. హెక్టారంటే 2.47 ఎకరాలు. 6,200ని భాగిస్తే ఎకరాకు 2,510 కిలోలు, 75 కిలోల బస్తాల్లో ముప్పై మూడున్నర. ఆ 300 కిలోల తేడా ఎకరాకు బస్తాన్నర పైచిలుకు. దానికోసం ఆరెకరాల విత్తనం మారుస్తావా?

ఎరువుల దగ్గర చదువుకున్నవాళ్లు కూడా బోల్తా కొడతారు. దాళ్వా (రెండో పంట) ప్రయోగంలో హెక్టారుకు 120 కిలోల నత్రజని, 60 కిలోల భాస్వరం అని ఉందనుకో. అవి పోషకాల కిలోలు, బస్తాల కిలోలు కావు. ఎకరాకు చేస్తే నత్రజని 48.6, భాస్వరం 24.3. ఒక డీఏపీ బస్తా వేస్తే 23 కిలోల భాస్వరం వస్తుంది, దాదాపు సరిపోయింది. కానీ అదే బస్తాలో 9 కిలోల నత్రజని కూడా ఉంది. దాన్ని తీసేస్తే మిగిలింది 39.6. యూరియాలో నత్రజని 46 శాతం, కాబట్టి 86 కిలోలు కావాలి, అంటే 45 కిలోల బస్తాలు రెండుకు కొంచెం తక్కువ. డీఏపీలోది మరిచిపోయి మొత్తం యూరియాగానే లెక్కేస్తే ఎకరాకు దాదాపు 20 కిలోల యూరియా ఎక్కువ పడుతుంది. సాంబమసూరిలో ఆ ఎక్కువే అగ్గితెగులుకు, దోమపోటుకు పిలుపు, వెన్ను బరువెక్కాక చేను పడిపోవడానికి కూడా అదే దారి.

పురుగుమందుల మోతాదు వ్యాసాల్లో ‘హెక్టారుకు ఇన్ని గ్రాముల క్రియాశీల పదార్థం’ అని ఉంటుంది. థయోమిథాక్సామ్ 25 డబ్ల్యూజీ అనే దోమ మందుకు ఎదురుగా 25 గ్రాములు అని ఉంటే, ఆ మందులో అసలు సరుకు నాలుగో వంతే కాబట్టి హెక్టారుకు 100 గ్రాముల పొడి, ఎకరాకు 40 గ్రాములు, 200 లీటర్ల నీటిలో. ఆ 25నే పొడి బరువనుకుంటే ఎకరాకు పది గ్రాములే పడి దోమ చావదు. అప్పుడు మందు పనిచేయలేదని ఇంకోటి కలుపుతారు. మందుల ఖర్చు పెరిగేది ఇలాంటి కలపడాల వల్లే.

ఖర్చు-ఆదాయ నిష్పత్తి పట్టికను ఎక్కువ పట్టించుకోకు. ఆ ధరలు ఆ ఏటివి. కౌలు కలిపారో లేదో ఒక్కటి మాత్రం చూడు. కలపకపోతే నీ రెండెకరాల కౌలు చేనుకు ఆ నిష్పత్తి పనికిరాదు.

మిరప ఎండబెట్టే వ్యాసం కూడా ఒకటి దింపుకున్నావట కదా. అలాంటి ఆహార సాంకేతిక వ్యాసాల్లో తేమ శాతం రెండు రకాలుగా రాస్తారు. మొత్తం బరువులో నీరెంత అన్నది తడి ఆధారం, ఎండు పదార్థంతో పోల్చి నీరెంత అన్నది పొడి ఆధారం. పండుకాయలో 75 శాతం నీరుంటే పొడి ఆధారంగా అది 300 శాతం. అచ్చుతప్పు అనుకోకు. మిరప యార్డులో, శీతల గిడ్డంగిలో మాట్లాడేది తడి ఆధారమే. ఆ లెక్కన 100 కిలోల పండుకాయ 10 శాతం తేమకు ఎండితే చేతికొచ్చేది 28 కిలోల లోపే. కాయ విరగకుండా బస్తా కట్టే ముందు నీళ్లు చల్లడం ఉంది చూశావూ, అది చేశావంటే ఎండబెట్టిన శ్రమంతా వృథా. ఆ తడికి బూజు లేచి అఫ్లటాక్సిన్ అనే బూజు విషం చేరుతుంది. ఐరోపాకు వెళ్లే ఎండుమిరపలో బీ1 రకం అఫ్లటాక్సిన్ కిలోకు 5 మైక్రోగ్రాములు దాటితే సరుకు వెనక్కే. టార్పాలిన్ మీద ఎండబోసి, రాత్రి మంచు పడకుండా కప్పు.

ఇంత చూశాక కూడా ఆ రకం మీద మనసుంటే పది సెంట్లలో వెయ్యి. విత్తనం పరిశోధనా స్థానంలోనో కేవీకే (కృషి విజ్ఞాన కేంద్రం)లోనో అడుగు, సంచి మీద చీటీ చూసి తీసుకో: తెల్లది మూల విత్తనం, నీలంది ధ్రువీకరించినది. వంద గింజలు తడిగుడ్డలో చుట్టి చూడు, 80 మొలవకపోతే తిప్పికొట్టు. ఒకే మడిని ఆరు పట్టీలుగా విడగొట్టి, పాతదీ కొత్తదీ ఒకటి విడిచి ఒకటి నాటు. అందరూ చేసే పొరపాటేమిటంటే కొత్తదాన్ని కాలువ పక్క మంచి మడిలో పెట్టి, రోజూ దాన్నే చూసుకుంటూ, చివర్లో అది గెలిచిందంటారు. నారు వయసు, ఎరువు, మందు రెంటికీ ఒకటే ఉండాలి. పంటకాలంలో తేడా ఉంటే నీరు తీసే తేదీ మాత్రం దేనిది దానికే.

కోత మిషన్ రాకముందే గట్టు పక్క వరసలు వదిలేసి, ప్రతి పట్టీలో తాడుతో సమాన విస్తీర్ణం కొలిచి కోయి. పట్టీ వెడల్పు చాలితే 5 మీటర్లకు 5 మీటర్లు పెట్టుకో. అక్కడొచ్చిన కిలోలను 162తో గుణిస్తే ఎకరా దిగుబడి. తేమ కొలవకుండా మాత్రం పోల్చకు. ముందు కోతకొచ్చిన రకం 14 శాతంలో, ఆలస్యంగా వచ్చింది 20 శాతంలో ఉంటే పచ్చిదే బరువు తూగి గెలిచినట్టు కనిపిస్తుంది. తూకాన్ని, 100లోంచి తేమ శాతం తీసేయగా మిగిలినదానితో గుణించి, 86తో భాగించు. 20 శాతం తేమతో 16 కిలోలు తూగిన ధాన్యం అసలు లెక్కలో 14.9 కిలోలే. ఎకరాకు 32 బస్తాలు.

ఈ అంకెలన్నీ ఒక నోటుపుస్తకంలో రాసి, నాటిన తేదీ, కంకి తీసిన తేదీ, తెగులు కనిపించిన తేదీ పక్కన వేసి, విశ్వవిద్యాలయం తరఫున రైతులకు సలహాలిచ్చే ఏరువాక కేంద్రం వాళ్లకు చూపించు. ‘బాగుంది, బాగాలేదు’ అని చెబితే వాళ్లు తల ఊపి ఊరుకుంటారు. పట్టీలవారీగా తూకాలు చూపిస్తే కూర్చోబెట్టి మాట్లాడతారు. రెండో ఏడాది కూడా అదే పది సెంట్లలో, అదే పద్ధతిలో వేసి చూశాకే మిగతా చేను సంగతి ఆలోచించు. ఈ ఏటికి ఆరెకరాలకూ నాన్న అనుకున్న విత్తనమే పోయించు, నారుమడిలో ఒక మూల నీ పది సెంట్లకు సరిపడా చోటు వదిలించుకో.

ఇట్లు,
మావయ్య
గుంటూరు