త్రిత్వం అనే మాటే బైబిల్లో లేదు కదా, మరి క్రైస్తవులు ఎందుకు నమ్ముతారు?

దేవుడు ఒక్కడే, ఆ ఒక్క దేవుడిలోనే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురున్నారన్న నమ్మకమే త్రిత్వం. ఆ మాట బైబిల్లో లేదు, నిజమే. ఈ ఒక్క ముక్క ఒప్పుకోవడానికి మనవాళ్లలో చాలామందికి నోరు రాదు. ఒకప్పుడు నేనూ ఆ బాపతే.

మా మామయ్య, అంటే అమ్మ తమ్ముడు, పెళ్లయ్యాక 'యేసు నామం' సంఘంలో చేరాడు. వాళ్ల లెక్కలో తండ్రి, కుమారుడు, ఆత్మ అని ముగ్గురు లేరు, అంతా యేసే. నేను డిగ్రీలో ఉండగా క్రిస్మస్ సెలవులకి వాళ్లింటికి వెళ్తే భోజనాల దగ్గర మొదలైంది. "అపొస్తలుల కార్యములు 2:38లో పేతురు ఎవరి నామమున బాప్తిస్మం పొందమన్నాడు అల్లుడూ?" అన్నాడు. అక్కడున్నది యేసుక్రీస్తు నామమున అనే.

నా దగ్గర రామబాణం ఉందనుకున్నాను. సంచిలోంచి కింగ్ జేమ్స్ ఇంగ్లీషు బైబిల్ తీసి 1 యోహాను 5:7 గడగడా చదివేశాను. పరలోకంలో సాక్ష్యమిచ్చేవారు ముగ్గురు, తండ్రి, వాక్యం (అంటే యేసు), పరిశుద్ధాత్మ, ఈ ముగ్గురూ ఒక్కటే అని ఉంటుంది అందులో.

"తెలుగులో చదువు" అన్నాడు మామయ్య.

అత్తయ్య బైబిల్ తెచ్చింది. నల్ల అట్ట, ఎర్ర అంచులు, మధ్యలో కానుకల కవరు. తీసి చూస్తే ఆత్మ, నీళ్లు, రక్తం ఉన్నాయి. తండ్రి, వాక్యం లేవు. పేజీలు అంటుకున్నాయేమోనని వేలు తడి చేసుకుని మరీ తిప్పాను. మామయ్య పప్పుచారు పోసుకుంటూ "కంగారేం లేదు, నిదానంగా వెతుక్కో" అన్నాడు.

ఆ మాటలు పాత గ్రీకు ప్రతుల్లో లేవని తర్వాత తెలిసింది. ఎరాస్మస్ అనే పండితుడు 1516లో గ్రీకు కొత్త నిబంధన అచ్చువేసినప్పుడు వదిలేశాడు. జనం గోల పెట్టాక 1522 ముద్రణలో చేర్చాడు. అలా అలా 1611 నాటి కింగ్ జేమ్స్‌లోకి వచ్చాయి. ఈ విషయంలో మన తెలుగు బైబిలే నిజాయితీగా ఉంది.

కాబట్టి ఒక్క వచనం పట్టుకుని వాదనకి వెళ్లకండి. మత్తయి 28:19 తీయండి. తండ్రినీ కుమారుణ్ణీ పరిశుద్ధాత్మనీ ముగ్గుర్నీ చెప్పి "నామములోనికి" అన్నాడు. నామాల్లోకి అనలేదు. గ్రీకులోనూ ఏకవచనమే. యెహోవా అద్వితీయుడు అని రోజూ వల్లించే యూదుల మధ్య పుట్టిన మాట ఇది. యోహాను 1:1లో వాక్యం దేవుని యొద్ద ఉంది, ఆ వాక్యమే దేవుడు కూడా. దేవుడు ఒక్కడే అనాలి, 'యొద్ద' అనీ అనాలి. రెండూ వదలకుండా పట్టుకుంటే మిగిలేది త్రిత్వమే. నాకు ఇంతకు మించి రుజువు అక్కర్లేదు.

దీన్ని 325లో నైసియాలో జరిగిన సంఘ పెద్దల సభలో రోమా చక్రవర్తి కాన్‌స్టంటైన్ కల్పించాడని యూట్యూబ్‌లో ఊదరగొట్టేవాళ్లు ఉన్నారు. త్రిత్వానికి త్రినితాస్ అన్న లాటిన్ మాటని తెర్తుల్లియన్ అనే క్రైస్తవ రచయిత అంతకు దాదాపు వందేళ్ల ముందే వాడాడు బాబూ! నైసియాలో తగాదా కుమారుడు సృష్టింపబడ్డాడా లేదా అన్నదాని మీద. పరిశుద్ధాత్మ గురించి విడమరిచి రాసుకున్నది 381లో, కాన్‌స్టాంటినోపుల్లో జరిగిన ఇంకో సభలో.

ఇంకో బాధ, సండే స్కూల్లో చెప్పే గుడ్డు పోలిక. పెంకు, తెల్లసొన, పచ్చసొన కలిస్తే ఒకటే గుడ్డట. మా అమ్మాయి ఇంటికొచ్చి "పెంకు పారేస్తాం కదా డాడీ, అదెవరు?" అని అడిగింది. నీళ్లు, ఐసు, ఆవిరి పోలిక ఇంకా ఘోరం. ఒకే నీళ్లు మూడు వేషాలు వేయడం మా మామయ్య సిద్ధాంతమే. మూడో శతాబ్దంలో సబెల్లియస్ అనే బోధకుణ్ణి సంఘం వెలివేసింది సరిగ్గా అలాంటి బోధకే.

మామయ్య మారలేదు, నేనూ మారలేదు. మొన్న వాళ్ల మనవడి పుట్టినరోజు కూటంలో ముగింపు నన్ను చెప్పమన్నారు. 2 కొరింథీయులకు 13:14 చెప్పాను, "ప్రభువైన యేసుక్రీస్తు కృపయు దేవుని ప్రేమయు పరిశుద్ధాత్మ సహవాసమును" అని. అందరికన్నా గట్టిగా ఆమేన్ అన్నది మామయ్యే. నేను నవ్వుతుంటే కళ్లజోడు సర్దుకుని, "పౌలు రాశాడని అన్నాను, నువ్వు చెప్పావని కాదు" అన్నాడు.